క్షిపణి కడుపులో తీగలు

తీగలు కట్టే పనికి కొత్తగా వచ్చే అమ్మాయిలు మొదట అడిగేది జీతం సంగతి కాదు. "క్షిపణి ఎప్పుడు చూపిస్తారు?" అని అడుగుతారు. చూపించరు. ఇన్నేళ్ళు పనిచేసి ఇంటికొచ్చి కూర్చున్న నేనే చూడలేదు. టీవీలో విమానం రెక్క కింద వేలాడుతుంటే ఒకసారి చూశాను, అదీ కోడలు వంటింట్లోకి కేకేసి పిలిస్తే. పప్పు అడుగంటుతోందని సగంలోనే లేచిపోయాను. దాని కడుపులో మేం కట్టేలాంటి తీగల కట్ట ఉంటుంది. అది బయటికి కనపడదు. కనపడని పని ఇష్టం లేనివాళ్ళు వేరే పని చూసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు.

నేను చదివింది నాలుగో తరగతి. కోడలు పక్కన కూర్చుని అక్షరాలు దిద్దింది గానీ మాటలు నావే. ఏ కట్ట ఎంత పొడుగు, ఎక్కడ పెడతారు, అలాంటివి ఇందులో ఉండవు. అవి బయట చెప్పకూడనివి. పని ఎలాంటిదో, అక్కడి మనుషులు ఎలాంటివాళ్ళో, అంతవరకే రాస్తాను.

బోరు మోటార్ల దగ్గర నేర్చింది

నందిగామలో మా ఆయనకు మోటార్ల వైండింగ్ షాపు ఉండేది. పొలంలో మోటారు కాలితే రైతు దాన్ని ట్రాక్టర్లో వేసుకొచ్చేవాడు. కాలిన రాగి తీగ లాగేసి, కొత్తది చుట్టి, దారంతో బిగించి, వార్నిష్ పట్టించి ఇవ్వాలి. చుట్టిన కాయిళ్ళను దారంతో కట్టడం నా పని. మిరపకు తడి కావాల్సిన రోజుల్లో రైతు ఇంటికి కూడా వెళ్ళేవాడు కాదు, షాపు మెట్ల మీదే కూర్చునేవాడు. అతను అక్కడ కూర్చుని ఉంటే చెయ్యి తొందరపడుతుంది. తొందరలో కట్టిన మోటారు మళ్ళీ అదే ట్రాక్టర్లో తిరిగొస్తుంది. ఎదుటివాడి తొందర మన చేతిలోకి రానివ్వకూడదని నాకు అక్కడే తెలిసింది.

ఆయన పోయాక షాపు మూసేశాను. బరువు మోటార్లు ఎత్తి దించే ఒళ్ళు కాదు నాది. జగ్గయ్యపేటలో వ్యాపారస్తుల కుటుంబంలోని కోటేశ్వరరావు గారు హైవే పక్కన చిన్న ఫ్యాక్టరీ పెట్టి ట్రాన్స్‌ఫార్మర్లకు కాయిళ్ళు చుట్టిస్తున్నారని తెలిసి వెళ్ళాను. ఆయన నా చదువు అడగలేదు. ఒక కాయిల్ ఇచ్చి కట్టమన్నారు. కట్టాను. మిగిలిన దారం ముక్కను ఉండచుట్టి బల్ల మీద పెట్టాను. దాన్ని చూసి, "రేపట్నుంచి రామ్మా" అన్నారు. మనిషి పిసినారి, నేనూ పిసినారినే. అందుకే మా ఇద్దరికీ చాలాకాలం బాగానే కుదిరింది.

విదేశాల నుంచి వచ్చిన కట్ట

కొన్నాళ్ళకు ఆయన మమ్మల్నందరినీ కూర్చోబెట్టి కొత్త సంగతి చెప్పారు. గాల్లో మన విమానం ఇంకో విమానాన్ని కొట్టడానికి మోసుకెళ్ళే క్షిపణులను ఇంతకాలం బయటి దేశాల దగ్గరే కొంటున్నారట. ఇప్పుడు మనవాళ్ళే సొంతంగా ఒకటి తయారుచేశారు. హైదరాబాదులో పెద్ద ఫ్యాక్టరీలో దాన్ని జోడిస్తారు. లోపలి తీగల కట్టలు మాత్రం మొదట్లో ఇంకా బయటినుంచే వస్తున్నాయి. వాటిని మనం కట్టి మెప్పిస్తే ఆర్డరు మనది. లేదంటే వాళ్ళు ఎప్పటిలాగే తెప్పించుకుంటారు.

చూసి నేర్చుకోమని బయటి కట్ట ఒకటి పంపారు. కోటేశ్వరరావు గారు దాన్ని దేవుడి పటం మోసినట్టు రెండు చేతులతో తెచ్చారు. "ముట్టుకోకండి, చూడండంతే" అన్నారు. చూసి కట్టడం ఎలాగని నేనడిగితే, "సరే, నువ్వొక్కదానివే ముట్టుకో" అన్నారు.

ముట్టుకున్నాను. పనితనం గొప్పదే. తీగలన్నీ దువ్విన జడలా ఉన్నాయి, ముడి ముడికీ దూరం ఒక్కటే. కానీ చివరి మలుపు దగ్గర మాత్రం ముడులు కొంచెం వదులుగా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కినట్టున్నాయి. పక్కనున్న మరియమ్మకు చూపించాను.

"అక్కడెవరో ఒకామె అన్నం వేళకి లేచిపోయిందక్కా" అంది.

అప్పటినుంచి ఆ కట్టంటే మాకు భయం పోయింది. అమ్మాయిలకు నేను చెప్పేదేమిటంటే, బయటి వస్తువును తిట్టకండి. కట్టినవాళ్ళూ మనలాంటి ఆడవాళ్ళే, మనకంటే ముందు నేర్చుకున్నారు. అయితే కొన్న వస్తువు చెడితే అమ్మినవాడి మొహం చూస్తూ కూర్చోవాలి. మనం కట్టింది చెడితే ఎక్కడ చెడిందో మనం విప్పి చూసుకోవచ్చు. సొంతంగా చేసుకోవడంలోని లాభం నాకు అర్థమైనంతవరకు ఇదే.

కత్తెర మాస్టారు

నేర్పడానికి హైదరాబాదు నుంచి రిటైరైన పెద్దాయన ఒకరు వచ్చారు. మేం ఆయన్ని కత్తెర మాస్టారనేవాళ్ళం. రోజంతా కట్టిన పనిని చూసి, నచ్చకపోతే మాటా పలుకూ లేకుండా ముడులన్నీ కత్తిరించేసేవారు. ఎందుకు కత్తిరించారో చెప్పేవారు కాదు. మళ్ళీ కట్టాల్సిందే.

పూలు కట్టడం వచ్చినవాళ్ళకి ఇది సులువని అప్పట్లో ఎవరో అంటే చాలామంది నమ్మారు. అది ఒట్టిమాట. పూలదండలో ఒక ముడి జారినా వాకిట్లో రెండు పూలు రాలతాయి, అంతే. ఇక్కడ ప్రతి ముడీ తనంతట తాను నిలబడాలి. గట్టిగా లాగితే తీగ తొడుగు తెగుతుంది, వదిలేస్తే అదురుకు తీగలు ఒరుసుకుంటాయి. పూలు కట్టే చేతులకు ఆ అలవాటు మాన్పించడానికే ఎక్కువ కాలం పట్టింది.

మాస్టారు మంచి పనివాడు, మంచి గురువు కాదు. తప్పు చూపించకుండా కత్తిరిస్తే నేర్చుకునేవాళ్ళకి భయం వస్తుంది గానీ పని రాదు. నేను సూపర్‌వైజరునయ్యాక కత్తెర తీసేముందు తప్పుడు ముడిని వాళ్ళ వేలితోనే తాకించేదాన్ని. దారం దండగ చేస్తే మాత్రం నేనూ తిట్టేదాన్ని. ఇంటి దగ్గర ఇప్పటికీ తిడతాను.

మరియమ్మ

మరియమ్మది నందిగామ పక్క పల్లె. చర్చి వెనక ఇల్లు. భర్త కూలికి వెళ్ళేవాడు. మేమిద్దరం ఒకే బస్సెక్కి జగ్గయ్యపేట వచ్చేవాళ్ళం. నోరు పెద్దది, చెయ్యి శుభ్రం. ఆమె కట్టినదాన్ని మాస్టారు కూడా మొదటి నెల తర్వాత కత్తిరించలేదు.

ఆ ఏడు గుడ్ ఫ్రైడేకి ఆమె సెలవడిగితే కోటేశ్వరరావు గారు ఇవ్వలేదు, పని వెనకబడిందన్నారు.

"మీ పండక్కి గేటుకి తాళమేస్తారు, మా ఉపవాసానికి ఒక పూట ఇవ్వరాండీ?" అని అందరి ముందే అడిగేసింది. ఆయన మొహం ఎర్రబడింది. ఆమె చెప్పకుండా మానేసి చర్చికి వెళ్ళింది, మర్నాడు వచ్చి ఏమీ జరగనట్టు దారం చేతికి తీసుకుంది. ఆయన ఒకరోజు జీతం కోశారు. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

మొదటి పెద్ద లాటు

దసరాకి మా మొదటి పెద్ద లాటు పూర్తయింది. కట్టలన్నీ పరీక్షించి, అన్నీ బాగున్నాయని ట్రేలలో పరిచాం. కట్ట చివర్లలో సన్నని పిన్నులున్న కనెక్టర్లు ఉంటాయి. వాటికి మూతలు పెట్టి ప్యాక్ చేయడమొక్కటే మిగిలింది.

ఆయుధ పూజ వచ్చింది. కోటేశ్వరరావు గారు వేదాద్రి నరసింహస్వామి దగ్గర్నుంచి కుంకుమ తెచ్చారు. పనిముట్లన్నీ కడిగి వరసగా పెట్టాం. పేరుకు ఆయుధ పూజే గానీ, నిజంగా ఆయుధంలోకి వెళ్ళే వస్తువు ఎదురుగా ఉండటం మాకెవరికీ అదివరకు లేదు. ఆయనకు ఒళ్ళు పులకరించిందేమో, తీగలు పట్టే శ్రావణాలకీ కత్తెర్లకీ బొట్లు పెట్టిన చేత్తోనే ట్రేల దగ్గరికొచ్చి, ఒక్కో కనెక్టరుకీ బొట్టు పెట్టుకుంటూ పోయారు. పైన అక్షింతలు వేశారు. హారతి అందరం కళ్ళకద్దుకున్నాం.

మరియమ్మ మాత్రం, "నా ట్రేకి వద్దులెండి, నేను ప్రార్థన చేసుకున్నా" అని తన ట్రేని తీసుకెళ్ళి స్టోరు అలమరాలో పెట్టింది. మర్నాడు బొట్లు గుడ్డతో తుడిచి, మూతలు పెట్టి, పెట్టెల్లో సర్ది హైదరాబాదు పంపాం.

పెట్టెలు తిరిగొచ్చాయి. మా దగ్గర బాగున్నవి అక్కడ ఫెయిలయ్యాయి. అక్కడ కట్టల్ని తేమ నిండిన బీరువాలో పెట్టి తీశాక మళ్ళీ పరీక్ష చేస్తారు. పక్కపక్కనున్న పిన్నుల మధ్య కరెంటు లీకవుతోందని రాశారు. కారణం తేల్చి చెప్పేదాకా మా కట్టలు ఆపి, బయటినుంచి వచ్చేవే వాడతామన్నారు.

అన్నీ ఫెయిలు కాలేదు. ఒక్క ట్రే పాసయింది. అది మరియమ్మది.

గేటు బయట మెట్టు

కోటేశ్వరరావు గారు నన్ను లోపలికి పిలిచారు.

"సీతారావమ్మా, అందరివీ పోయి ఆవిడవి ఒక్కటే ఎలా మిగిలాయంటావ్?"

"తెలీదండి."

"నాకు తెలుసు. సెలవివ్వలేదని మనసులో పెట్టుకుంది. మిగతావాటిలో ఏదో చేసింది. పూజనాడు తన ట్రే ఒక్కటే తీసి దాచుకోవడం ఏంటి? నువ్వు సూపర్‌వైజరువి. చూశానని ఒక మాట చెప్పు, హైదరాబాదు వాళ్ళకి కారణం దొరుకుతుంది, ఆర్డరు నిలబడుద్ది."

"నేను చూళ్ళేదండి."

"చూడకపోతే అనుమానమని చెప్పు."

"అనుమానం నాక్కూడా లేదండి. ఉన్నది మీకు. మీరే చెప్పుకోండి."

ఆయన బల్ల మీద చేత్తో కొట్టారు. నేను కదల్లేదు. పెద్దదాన్ని, బయటికి పొమ్మనలేకపోయారు. సాయంత్రం మరియమ్మని అందరి ముందే పిలిచి, నీ మీదే అనుమానమని, విషయం తేలేదాకా రావద్దన్నారు. ఇది మామూలు కొలువు పోవడం కాదు. దేశానికి సంబంధించిన పనిలో చెడగొట్టిందన్న మాట పడితే, ఇంకే ఫ్యాక్టరీ గేటూ ఆమెకు తెరుచుకోదు. పల్లెలో పిల్లలు కూడా తలెత్తుకోలేరు.

బస్సులో ఆమె ఏడవలేదు. "రేపు ఏడింటి బస్సేగా అక్కా?" అంది.

"రావద్దన్నారుగా?"

"లోపలికి రావద్దన్నారు. రోడ్డు మీదికి రావద్దనడానికి రోడ్డేమన్నా ఆయనదా? ఇంట్లో కూర్చుంటే చేశాననుకుంటారు."

మర్నాటి నుంచి క్యారేజీ పట్టుకుని వచ్చి గేటు బయట మెట్టు మీద కూర్చునేది. సిమెంటు లారీలు దుమ్ము లేపుకుంటూ పోతుంటే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. కూర్చోవడం ఊరికే ఎందుకని నేను పాత దారం ముక్కలు ఇచ్చాను. ఊళ్ళోవాళ్ళు చూస్తుండగా ముడులు వేసి విప్పుతూ ఉండేది. మధ్యాహ్నం నేను బయటికెళ్ళి ఆమె పక్కనే అన్నం తినేదాన్ని. మిగతా ఆడవాళ్ళు మొదటిరోజు కిటికీలోంచి చూశారు. తర్వాత ఒక్కొక్కరే క్యారేజీలు పట్టుకుని మెట్టు మీదికి వచ్చారు. చోటు చాలక కొందరు నిలబడే తిన్నారు.

ఇన్‌స్పెక్టరమ్మాయి

హైదరాబాదు నుంచి ప్రణీత అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. చిన్నపిల్ల. వస్తూనే గేటు దగ్గర మరియమ్మని చూసి, "మీరెందుకు బయటున్నారండి?" అని అడిగింది.

"నావి పాసయ్యాయని" అంది మరియమ్మ.

ఆ పిల్లకు నవ్వు రాలేదు. లోపలికి రమ్మంది. కోటేశ్వరరావు గారు అడ్డు చెప్పబోతే, "పాసైనవి ఎలా చేశారో తెలియకుండా ఫెయిలైనవి ఎందుకు పోయాయో నేనెలా కనుక్కోనండి?" అంది. ఆ మాట నాకు బాగా నచ్చింది. మేమందరం పోయినవాటినే తిరగేస్తున్నాం. బాగున్నవాటిని ఎవరూ చూడలేదు.

తీగ కోసిన దగ్గర్నుంచి పెట్టెకి మేకు కొట్టేదాకా ఏ రోజు ఏం జరిగిందో వరసగా చెప్పమంది. సిమెంటు దుమ్మేమోనని ఆమె అనుమానం. కానీ దుమ్మయితే అందరి ట్రేల మీదా ఒకేలా పడాలి. నేను ఒక్కో రోజూ చెప్పుకుంటూ వచ్చాను. పూజ రోజు దగ్గర ఆమె ఆపింది.

"బొట్లా? దేనికి పెట్టారు?"

"అన్నిటికీనమ్మా. పనిముట్లకీ, ట్రేల్లో కట్టలకీ."

"అప్పటికి మూతలు పెట్టారా?"

"లేదు. మర్నాడు పెట్టాం."

"మరియమ్మ గారూ, మీ ట్రే ఆరోజు ఎక్కడుంది?"

"అలమరాలోనండి. నేనే పెట్టా."

ఆమె పెద్ద భూతద్దం తెప్పించి, దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి, ఫెయిలైన కనెక్టరులో పిన్నుల మధ్య మెల్లగా తిప్పి తీసింది. దూది ఎరుపు నారింజ రంగుకి తిరిగింది. ఇంకొకటి చూసింది, అదే రంగు. మరియమ్మ ట్రేలోదాన్ని చూస్తే దూది తెల్లగానే ఉంది.

"బొట్టు పెట్టేటప్పుడు పొడి లోపలికి రాలిందండి. పైన తుడిచారు గానీ లోపలిది పోలేదు. పొడిగా ఉన్నంతసేపు ఏం కాదు. తేమ తగిలితే పీల్చుకుంటుంది, అప్పుడు లీకవుతుంది" అని చెప్పింది. కోటేశ్వరరావు గారు దూదిపుల్ల చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు.

ఆమె మెల్లగా అడిగింది. "సార్, కారణం ఏమని రాయమంటారు? లోపల మలినం అని రాసినా సరిపోతుంది."

అలా రాస్తే ఎవరి చెయ్యో ఎవరికీ తెలియదు. మరియమ్మ మీద పడ్డ మాట సగం అలాగే ఉండిపోతుంది. నేను ఏదో అనబోయాను. ఆయనే ముందు అన్నారు.

"కుంకుమని రాయమ్మా. నేనే పెట్టానని రాయి. హైదరాబాదులో నవ్వుతారు. నవ్వనీ."

ఆయన్ని నేను ఎన్నోసార్లు తిట్టుకున్నాను. జీతం కోసినప్పుడు, సెలవివ్వనప్పుడు, ఆ అబద్ధం నా నోటితో చెప్పించాలని చూసినప్పుడు. అయినా ఇన్నేళ్ళలో నేను చూసిన యజమానుల్లో ఆ మాట అనగలిగినవాడు ఆయనొక్కడే. రెండూ రాస్తున్నాను, ఎవరికి ఏది అవసరమైతే అది నేర్చుకోండి.

బల్ల దగ్గర

కట్టలు పారేయక్కర్లేదని ప్రణీత చెప్పగానే నా ప్రాణం లేచొచ్చింది. పిన్నులు కడిగి, ఆరబెట్టి, మళ్ళీ పరీక్షించి పంపమంది. ఆ రోజే కొత్త పద్ధతి పెట్టింది. పనిగదిలోకి బొట్టూ, పసుపూ, పౌడరూ ఏ పొడీ రాకూడదు. లోపలికొచ్చే ప్రతివాళ్ళూ, ఓనరైనా సరే, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పూజ ఇప్పుడు గేటు దగ్గర, విరిగిన పాత శ్రావణానికి చేస్తారు. దేవుడికి ఏ లోటూ వచ్చినట్టు లేదు.

మరియమ్మ మాత్రం బల్ల దగ్గర కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఇంకేంటి మరియమ్మా, తేలిపోయిందిగా, వచ్చి కూర్చో" అన్నారు కోటేశ్వరరావు గారు.

"కాగితం మీద తేలిందండి. మీరు నన్ను అనుమానించింది నోటితో. అందరూ విన్నారు. నోటితోనే తియ్యాలి."

ఆయన అటూ ఇటూ చూశారు. నేను దారం ఉండ చుట్టుకుంటూ తల దించుకున్నాను. సాయం చేయదలుచుకోలేదు. ఆయన గదికి మధ్యలోకొచ్చి నిలబడి, అందరికీ వినపడేలా, "తప్పు నాది. మరియమ్మ పని శుభ్రం. ఊరికే నింద వేశా" అన్నారు. ఇంట్లో కూర్చున్న రోజుల జీతం కూడా ఇస్తానన్నారు.

"ఇంట్లో కూర్చోలేదండి, మెట్టు మీద కూర్చున్నా" అంది మరియమ్మ. ఆడవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వారు.

ఆమె వెళ్ళి తన చోట్లో కూర్చుని, కడగాల్సిన కట్టల్లో మొదటిది చేతికి తీసుకుంది. కోటేశ్వరరావు గారికి సంతోషం పట్టలేక తానూ ఒక చెయ్యి వేద్దామని పక్కన స్టూలు లాక్కుని, ట్రేలోకి చెయ్యి చాపారు.

మరియమ్మ ట్రేని తన వైపుకి జరుపుకుంది.

"ఆగండాగండి" అంది. "చేతులు కడుక్కుని రండి. అప్పుడు ముట్టుకోనిస్తా."

ఆయన ఒక్క క్షణం ఆమెకేసి చూశారు. తర్వాత లేచి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ, కుళాయి దగ్గరికి వెళ్ళారు.